టికెట్టు లేని ఊరు

ఒక ఊరి గొప్పతనం కొలవడానికి పర్యాటక శాఖ దగ్గర ఒక కొలబద్ద ఉంటుంది. ఎన్ని హోటళ్లున్నాయి, ఏడాదికి ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్లు ఎంత ఖర్చు పెట్టారు అన్నవే అందులో గీతలు. ఆ లెక్కన ఏలూరు పాసు మార్కులు కూడా తెచ్చుకోదు. రైల్లో విశాఖపట్నం పోయేవాడు కిటికీలోంచి స్టేషను బోర్డు మాత్రం చూస్తాడు. కారులో పోయేవాడు బైపాసు పట్టి అదీ చూడడు. తాడేపల్లిగూడెం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉల్లిపాయల ధర తెలుసుకోవాల్సినవాడికి తప్ప బయటివాడికి ఆ ఊరితో పనుండదు. ఇక కొల్లేరు వరదలొచ్చినప్పుడూ, చేపల చెరువుల గొడవలప్పుడూ పేపర్లో కనపడే పేరు. నేను వాడే కొలబద్ద వేరు. జేబులో దమ్మిడీ లేకుండా వచ్చినవాడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎవరి అనుమతీ అడక్కుండా ఎంత చూడగలడు, ఎంత తెలుసుకోగలడు, ఎక్కడ కాసేపు కూర్చోగలడు? ఇలా లెక్క కడితే ఈ ప్రాంతం దేశంలో పేరుమోసిన చారిత్రక నగరాలకు తీసిపోదనీ, కొన్నిటికన్నా ఓ మెట్టు పైనే ఉంటుందనీ నా వాదన. దానికి తోడు ఇంకో మాట కూడా ఉంది. ఇక్కడ పైసా అడగకుండా కంటికి దొరికేదంతా ఎవరో దయతలచి పెట్టిన ధర్మం కాదు. పదిమందికీ చెందిన గట్టూ దిబ్బా బాటా నీరూ ఎంతో కొంత మిగిలి ఉండబట్టి దొరుకుతోంది. అవి ఒకరి చేతిలోకి పోయిన రోజున చూడ్డానికి ఏమీ ఉండదు, లేదా గేటు దగ్గర డబ్బు కట్టి చూడాల్సి వస్తుంది.

ముందు కాలువ సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో మనుషులు కట్టినవాటిలో అతి పెద్దది అదే, దానికి గేటు లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు పడమటి కొస విజ్జేశ్వరం. అక్కడ గోదావరి నీరు అందుకున్న ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. అటునుంచి, 1855 నాటికి బెజవాడ దగ్గర తయారైన కృష్ణా ఆనకట్ట నీళ్లు ఇంకో కాలువ పట్టుకుని ఇదే ఊరికి వస్తాయి. నదుల అనుసంధానం గురించి ఇవాళ సభల్లో ఎంత గొంతు చించుకున్నా, ఏలూరు వాళ్లకు అది వందేళ్లకు పైబడి వీధి చివరి సంగతే. రైలు రాకముందు కాకినాడ వైపునుంచి సరుకూ మనుషులూ ఈ కాలువల మీదుగా, ఆపైన కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల్లో పడి మద్రాసు దాకా పడవల్లో పోయేవారు. 2008లో కేంద్రం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఏలూరు కాలువ కూడా ఉంది, కాగితం మీద. గాలి పడిపోయినప్పుడు ఆనాటి పడవల్ని నడిపించింది గట్టు మీద భుజాన తాడు వేసుకుని లాగిన మనుషులు. వాళ్ల కాళ్ల కింద నలిగి గట్టిపడిన బాట మీదనే ఇవాళ షుగరున్న పెద్దమనిషి పొద్దున్నే నడుస్తున్నాడు. నందమూరు దగ్గర ఎర్రకాలువ కిందనుంచి, ఏలూరు కాలువ దాని నెత్తిమీదనుంచి పోయే అక్విడక్టు ఉంది. నీటి మీద నీటిని నడిపించడం ఎలాగో ఇంజనీరింగు కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకునే పిల్లలు, తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి నడుస్తున్న నిట్‌లో చదివేవాళ్లు సహా, అక్కడికి పోయి ఊరికే చూడొచ్చు. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు వెళ్తే మరీ మంచిది. నీళ్లున్నప్పుడు కనపడని అడుగు మట్టీ, తూముల లోపలి రాతికట్టూ, రేవు మెట్లలో అట్టడుగున ఉన్నవీ, మనం ఏడాది పొడుగునా అందులో పారేసిన చెత్తా అప్పుడే బయటపడతాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. కాలువ గట్టు చూడ్డానికి ఊరికి ఊరు తరలిరావాలా, చరిత్ర అంటే కోటలూ గోపురాలూ కదా, ఏలూరులో చెప్పుకోదగ్గ కట్టడం ఏముందని. చెప్పుకోదగ్గవి నిలబడి లేవు, నిజమే. ఉత్తర సర్కారులు అయిదింటిలో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు గానీ ఆ పెత్తనానికి గుర్తుగా కోటదిబ్బ అనే పేరు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. ఆ కోటను పెదవేగి, దెందులూరు శిథిలాలనుంచి తెచ్చిన రాళ్లతో కట్టారని బ్రిటిషు కాలపు గెజిటీర్లు రాశాయి. అంటే చూడాల్సినవాడు ఇంకో పన్నెండు కిలోమీటర్లు ఉత్తరంగా పెదవేగి దాకా పోవాలి. అక్కడున్నది వేంగి. శాలంకాయనుల రాజధాని, వాళ్ల రాజు హస్తివర్మ పేరు సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో ఉంది. ఏడో శతాబ్దిలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులు ఈ పేరుతోనే నాలుగు శతాబ్దాలకు పైగా రాజ్యం చేశారు. అదే శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధానిగా రాసుకున్న నగరం ఇదేనని చరిత్రకారుల మాట. ఇంత పేరున్న చోట ఇవాళ కనపడేది మామిడి తోటల మధ్య పల్లె, ఇటుక ముక్కలు తేలిన దిబ్బలు, చిత్రరథస్వామి పేరుతో చిన్న గుడి. ఆ స్వామి పాదాలకు భక్తులమని శాలంకాయన రాజులు తమ తామ్రశాసనాల్లో చెప్పుకున్నారు. రాజ్యం పోయింది, వంశం పోయింది, రాజభాష మారింది, దేవుడి పేరు మాత్రం ఊళ్లో మిగిలింది. తాజ్‌మహల్‌ను చూడ్డానికి కళ్లుంటే చాలు. పెదవేగిని చూడాలంటే కాస్త చదువుకుని వెళ్లాలి. నా దృష్టిలో ఇది లోపం కాదు, టికెట్టు బదులు ఈ ఊరు అడిగే రుసుము.

ఆ చదువుకు డబ్బవుతుందనడానికీ వీల్లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయం ఏలూరులో ఉంది, శాఖా గ్రంథాలయాలు చిన్న ఊళ్లలోనూ ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మన ఇంటిపన్ను ప్రతి రూపాయి మీదా ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. కట్టేసిన సొమ్ముకు కుర్చీలో కూర్చుని పుస్తకం తెరవడమొక్కటే బాకీ. వేంగి చాళుక్యుల గురించి ఒక సాయంత్రం చదివి, మర్నాడు పెదవేగి బస్సెక్కినవాడికి కనపడే దిబ్బా, ఏమీ చదవకుండా వెళ్లినవాడికి కనపడే దిబ్బా ఒకటి కావు. పైసా ఖర్చులేని యాత్రకు సోమరితనం పనికిరాదు. డబ్బిచ్చి పోయేచోట గైడు మాట్లాడతాడు, బోర్డు చెబుతుంది, చెవిలో పెట్టుకునే యంత్రం వివరిస్తుంది. ఇక్కడ ఆ పనంతా మనమే చెయ్యాలి. చెయ్యగలిగినవాడికి ఇది ఇంకే చోటా దొరకని సుఖం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. టికెట్టు లేకపోతే కాపలా ఉండదు, కాపలా లేకపోతే కట్టడం మిగలదు, పెదవేగి ఇటుకలు ఎవరింటి పునాదుల్లోకి పోయాయో చూసుకోండి అంటారు. గుంటుపల్లిని ఎదురుగా నిలబెడతారు. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్క కొండల్లో ఉన్న ఆ బౌద్ధ స్థలం క్రీస్తుపూర్వపు నాటిది. కళింగ, మహిషక దేశాల ప్రభువునని చెప్పుకున్న మహామేఘవాహన సిరిసద రాజు శాసనం అక్కడే దొరికింది. భారత పురావస్తు శాఖ దాన్ని కంచె వేసి, మెట్లు కట్టి, తోట పెంచి చూసుకుంటోంది, పెద్దవాళ్ల దగ్గర పాతిక రూపాయలు తీసుకుంటోంది. ఆ పాతికా నేను సంతోషంగా ఇస్తాను. ఇవ్వాలి కూడా. కొండను తొలిచి చేసిన ఆ గుండ్రటి చైత్యం లోపల నిలబడి తల పైకెత్తితే రాతి పైకప్పులో వాసాలు కనపడతాయి. రాతికి వాసాలతో పనిలేదు. తొలిచినవాళ్లకు తెలిసిన ఇల్లు చుట్టిల్లు, దాని కప్పు ఎలా ఉంటుందో అలాగే చెక్కారు. కోస్తా తీరంలో తాటాకు చుట్టిళ్లు చూసినవాడికి ఆ గుహ పరాయిగా అనిపించదు. లోపలున్న స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడని కొలుచుకున్నారు. బౌద్ధం పోయాక కూడా అది బతికి బట్టకట్టడంలో ఆ మొక్కులకూ కొంత పాలుంటుంది. కాబట్టి టికెట్టు పెట్టడం తప్పని నేననను. నాకు ఒప్పుకోబుద్ధి కానిది టికెట్టే కాపాడుతుందన్న మాట. గుంటుపల్లిని కాపాడేది పురావస్తు శాఖ ఉద్యోగులు, చట్టం, వాటికి ప్రభుత్వం పెట్టే ఖర్చు. వచ్చేపోయేవాళ్లిచ్చే పాతికలు దాంట్లో ఏ మూలకు? పదిహేనేళ్లలోపు పిల్లలకు ఆ శాఖే టికెట్టు అడగదు, బడి పిల్లల్ని తీసుకుపోవడానికి అంతకన్నా ఆహ్వానం ఉండదు. బ్రిటన్‌లో జాతీయ మ్యూజియాలకు 2001 నుంచి ప్రవేశ రుసుము లేదు, అవి కూలిపోలేదు. పన్నుల సొమ్ముతో నడుస్తున్నాయి. పెదవేగి దిబ్బలు తరిగాయంటే కారణం అక్కడ టికెట్టు లేకపోవడం కాదు, ఇది మనదని అనుకునే కళ్లు చాలినన్ని లేకపోవడం. వారానికి నలుగురు బడి పిల్లలు నోటు పుస్తకాలతో తిరిగే దిబ్బ మీద రాత్రిపూట ట్రాక్టరు పెట్టడానికి ఎవడైనా జంకుతాడు.

తాడేపల్లిగూడానికి వస్తే చూపుల స్వభావమే మారుతుంది. అక్కడ చూడాల్సింది పని. కర్నూలునుంచీ మహారాష్ట్రనుంచీ ఉల్లి లారీలు దిగే టోకు మార్కెట్టు ఆదివారం పొద్దున ఎలా ఉంటుందో చూడనివాడికి మనం తినే కూరలో ఎంతమంది చెయ్యి పడుతుందో తెలియదు. లారీ మీదనుంచి బస్తా వీపుకెత్తుకునే ముఠా కూలీ, చచ్చు పాయలూ మంచి పాయలూ వేరుచేసే ఆడవాళ్లు, కాటా దగ్గర గుమాస్తా, ఒక పాయ పగలగొట్టి వాసన చూసి పెదవి విరిచే వ్యాపారి, ధర పలకలేదని బస్తా మీదనే కూలబడిన రైతు, ఇంతమంది ఒకే ఆవరణలో ఉంటారు. బెల్లం వ్యాపారానికీ ఆ ఊరు పేరున్నదే. కళ్లతో కాకుండా ముక్కుతో చూడాల్సిన ఊరు గూడెం. అక్కడినుంచి కాస్త నడిస్తే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు వాళ్లు వేసిన విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, కాంక్రీటు మిగిలింది. జపాను బాంబుల భయంతో వేసిన బాట మీద ఇప్పుడు జనం చెమట పట్టేలా నడుస్తున్నారు. యుద్ధానికి పెట్టిన ఖర్చులో జనానికి పనికొచ్చినది ఇంత తిన్నగా చూపించే చోట్లు అరుదు. ఆ భూమి మీద ఎందరి కళ్లో ఉన్నాయి, దాన్ని ఏంచెయ్యాలన్న వాదనలు ఎన్నికలకోసారి లేస్తుంటాయి. నడిచేవాళ్లు ఉన్నంతకాలం ఆ వాదనల్లో వాళ్లకూ ఒక ఓటుంటుందని నా ఆశ.

కష్టపడేవాళ్లను నిలబడి చూడ్డం ఏం సరదా, అది కడుపు నిండినవాడి కాలక్షేపం కాదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. మూట మోసేవాడి ముఖం మీద ఫోను పెట్టి బొమ్మ తీసుకుని పోయేవాడి మీద నాకూ చిరాకే. అయితే దాని మందు చూడకపోవడం కాదు. కూలిని చూడకుండా ఉల్లిపాయను మాత్రమే చూసే అలవాటు సూపర్‌మార్కెట్టు మనకు బాగానే నేర్పింది. అది మర్యాద ఎంతమాత్రం కాదు. మార్కెట్టు పుట్టిందే నలుగురి ఎదుట ధర తేలడానికి. వేలంపాట చాటున జరిగితే రైతు మునుగుతాడు, అందరూ చూస్తుండగా జరిగితే కాస్తయినా బాగుపడతాడు. ఊరికే నిలబడి చూసేవాడు కూడా ఆ నలుగురిలో ఒకడు. దారికి అడ్డం రాకుండా, అడక్కుండా బొమ్మలు తీయకుండా, ఎవరైనా మాట కలిపితే తిన్నగా జవాబు చెబుతూ నిలబడినవాణ్ని గూడెం మార్కెట్టులో పొమ్మనేవాళ్లెవరూ ఉండరు. తీరిగ్గా ఉంటే టీ కూడా ఇప్పిస్తారు. పశ్చిమగోదావరి మర్యాద సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నా వాదనకు అసలైన పరీక్ష కొల్లేరు దగ్గర. దాన్ని గురించి రాసిన తొలి మాటల్లో ఒకటి నెత్తురుతో తడిసింది. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి గెలుపుల జాబితాలో కునాళ సరస్సు దగ్గరి యుద్ధం ఉంది. ఆ కునాళం కొల్లేరేనని పండితులు గుర్తించారు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడ్డ ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడతాయి. మిగిలిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. వరద ఏలూరును ముంచకుండా వదిలితే కొల్లేట్లో చేరుతుంది, కొల్లేరు నిండితే చుట్టూ ఉన్న లంక గ్రామాలు మునుగుతాయి. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యనుంచే పోతుంది. పెదయడ్లగాడి వంతెన మీద ఒక పక్కగా నిలబడ్డవాడికి రెండు వైపులా నీరు, కిక్కిస దుబ్బులు, గుర్రపుడెక్క, దోనె మీద గడకర్ర వేసుకుంటూ పోయే మనిషి, చలికాలమైతే పరజలూ నత్తగొట్టు కొంగలూ కనపడతాయి. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్తే ఆ నీళ్ల నడుమ ఊరికి ఊరే తిరునాళ్లయి కనపడుతుంది. వీటిలో దేనికీ టికెట్టు లేదు. ఆటపాకలో మాత్రం ఉంది. అక్కడ అటవీ శాఖ నీళ్లలో ఇనప స్టాండ్లు నాటింది, గూడబాతులు వాటి మీద గూళ్లు పెట్టుకుంటాయి, జనం డబ్బిచ్చి పడవెక్కి చూస్తారు. ఏర్పాటు బాగానే ఉంది, పక్షులు పెరిగాయి, మెచ్చుకోవాల్సిందే.

ఆ ఇనప స్టాండ్ల వెనక మాత్రం ఒక కథ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త కొల్లేరుకు తూర్పున, ఉండి ప్రాంతంలోని ఆరేడు అనే గ్రామానికి వచ్చాడు. ఇళ్ల మధ్య చెట్ల మీద, తాటిచెట్ల మీద గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు పెట్టుకుని ఉండటం చూశాడు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాన్ని గురించి రాశాక శాస్త్రలోకం ఈ వైపు చూసింది. గుడ్డు పెట్టే కాలంలో అంత పెద్ద పక్షులు మనుషుల నెత్తిమీద కాపురం చేస్తే కంపూ గోలా ఎలా ఉంటాయో ఊహించండి. ఊరు భరించింది. కొల్లేట్లో చేప ఉండేది, ఊళ్లో చెట్టు ఉండేది, పక్షికి ఆ రెండే కావాలి. 1970లలో ఆ గూళ్లు లేకుండా పోయాయి. అప్పట్లో ఆరేడు వీధిలో పోయేవాడు తలెత్తితే చాలు కనపడేదాన్ని ఇప్పుడు మనం ఇనప చట్రం మీద, పడవ కిరాయి ఇచ్చి చూస్తున్నాం. అందుకే టికెట్టును చూస్తే నాకు అభివృద్ధి గుర్తుకు రాదు. సమృద్ధిగా ఉన్నది అరుదైపోయినప్పుడే దానికి గేటు వస్తుందని మాత్రం తెలుస్తుంది. మంచినీళ్ల విషయంలో మనమంతా చూస్తున్నదే.

అరుదెందుకైంది? సరస్సుకు గట్లు వేసి చెరువులు చేసుకున్నందువల్ల. ఒక చేపల చెరువు అంటే గట్టు, కాపలా గుడిసె, కుక్క, బోర్డు. అంతకుముందు వలేసుకునేవాడికీ, మావులు కట్టుకునేవాడికీ, గేదెలు తోలుకునేవాడికీ, ఒట్టి చేతులతో వచ్చి చూసేవాడికీ ఒకటిగా ఉన్న నీరు గళ్లు గళ్లుగా సొంతదారుల పాలైంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో 901 చదరపు కిలోమీటర్ల మేర రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంచారు, తర్వాత చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. ఈ గొడవలో లంక గ్రామాల పేదవాడి బాధ వేరు. చెరువులో వాటా పోయి, వల వేసుకోవడానికి సరస్సూ సరిగ్గా మిగలక, రెంటికీ చెడినవాడు అతనే. పక్షుల పేరు చెప్పి అతన్ని వెళ్లగొట్టే పర్యాటకాన్ని నేను సమర్థించను. నా మాట అతనికి వ్యతిరేకం కాదు సరికదా, అతని పాత హక్కుకు తోడు. నీరు పదిమందిదిగా ఉన్నప్పుడు జాలరి బతికాడు, గూడబాతు బతికింది, చూసేవాడికీ దారి దొరికింది. ఎత్తయిన గట్టు లేచిన చోట ముగ్గురికీ ఒకేసారి దారి మూసుకుపోయింది. స్వీడన్‌లో ఎవరి భూమి మీదైనా నష్టం చెయ్యకుండా నడిచే హక్కు ప్రతివాడికీ ఉంది, 1994లో దాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. ఊరుమ్మడి చెరువులూ భూములూ ఆక్రమించుకున్నవాళ్లను ఖాళీ చేయించి గ్రామానికి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. తీర్పు ఉంది, అమలు అడిగేవాడు కావాలి.

ఇక మిగిలింది నాకే ఇబ్బంది కలిగించే అభ్యంతరం. ఈ పదిమందిదీ అన్నది ఎప్పుడు అందరిదీ అయింది? మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని అన్ని కులాలకూ హక్కుగా చేసిన చట్టం 1947 దాకా రాలేదు. అప్పటిదాకా గుడి మెట్టూ చెరువు రేవూ కొందరికి ఉమ్మడి, మిగతావాళ్లకు దూరంనుంచి చూపు. ఇవాళ కూడా సందెవేళ కాలువ గట్టున ఒంటరి మగవాడు నడిచినంత ధీమాగా ఒంటరి ఆడది నడవలేదు. మరుగుదొడ్డి లేని చోట ఉచితం అనే మాట సగం మందికి వర్తించదు. ఎండలో నీడ లేని దిబ్బ ముసలివాళ్లకు పనికిరాదు. ఈ మాటలన్నీ నిజమే. ఒక్క విషయంలో మాత్రం గాలి మారింది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పెదవేగికో, కైకలూరుకో, ద్వారకాతిరుమలకో పోవడానికి ఏలూరు ఇల్లాలు మొగుడి జేబు చూడక్కర్లేదు. ద్వారకాతిరుమలలో చినవెంకన్న ధర్మదర్శనం చేసుకుని, అక్కడే అన్నదానంలో భోంచేసి తిరిగి రావచ్చు. బస్సు వచ్చాక, దిగిన చోట ఏముండాలన్న ప్రశ్న వస్తుంది. ఉమ్మడి చోటు అందరిదీ కాలేదు కనుక దాన్ని వదిలేద్దామనడం తర్కం కాదు, మిగతావాళ్లకు కూడా తెరవడమే దారి. ఏలూరు గజ్జెలవారి చెరువులో కట్టిన ఎత్తయిన బుద్ధుడి విగ్రహం నాకిష్టమే, ఊళ్లో నడిచేవాడికి దూరంనుంచి కూడా కనపడుతుంది. అయినా ఆ డబ్బుతో కాలువ గట్టు పొడుగునా చెట్లూ, దీపాలూ, తాగునీళ్లూ, శుభ్రమైన మరుగుదొడ్లూ వస్తే చూడ్డానికి వచ్చేవాళ్ల సంఖ్య పెరక్కపోయినా చూడగలిగేవాళ్ల సంఖ్య పెరిగేది. ఏడేళ్లకోసారి వచ్చే ఏలూరు జాతరకు తూర్పువీధి, పడమరవీధి, దక్షిణపువీధి వాళ్లు పోటీలు పడి పందిళ్లు వేస్తారు, వీధులు కడుగుతారు, దీపాలు పెడతారు, వచ్చినవాడు ఎవరని అడగరు. ఊరు తలుచుకుంటే ఏం చెయ్యగలదో తెలియనిదేమీ కాదు.

ఈ వ్యాసం చదివినవాళ్లకు నా విన్నపం ఒకటే. ఈ చలికాలం ఒక ఆదివారం మీ ఊరి కాలువ గట్టో, దిబ్బో, చెరువో, సంతో చూడ్డానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. వచ్చేటప్పుడు అది ఎవరి పేరున ఉంది, ఎంత ఉంది, అందులో ఎంత మిగిలిందని గ్రామ సచివాలయంలో కాగితం రాసి అడగండి. మన రాష్ట్రంలో సమాచార హక్కు కింద మండలాఫీసులో దరఖాస్తు పెడితే అయిదు రూపాయలు. గ్రామ స్థాయిలో పెడితే రుసుమేమీ లేదు.